చెవి గురించి చెప్పిన సాక్ష్యం

23 అక్టోబరు 2011, ఆదివారం

ఇవాళ సంఘంలో సాక్ష్యం చెప్పాను. బొగ్గుబాయి సమ్మె ముగిశాక వచ్చిన మొదటి ఆదివారం, మందిరం కిక్కిరిసింది. ఇన్నేళ్ళలో నేను మైకు పట్టుకోవడం ఇదే మొదలు. అయినా మాట ఎక్కడా ఆగలేదు.

ఉన్నదే చెప్పాను. ఇరవై ఆరేళ్ళు బొగ్గుబాయిలో పేలుళ్ళు విని విని పాడైన చెవులు. ఎడమది ముక్కాలు పోయింది, కుడిది మందగించింది. జూలైలో మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. పాస్టర్ కృపానందం గారు తల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. మర్నాడు పొద్దున కుక్కర్ విజిల్ స్పష్టంగా వినపడింది. ఆగస్టులో డ్యూటీ మెడికల్ పరీక్షలో, చప్పుడు వినపడ్డప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కృపానందం గారిదీ ఇలాంటి సాక్ష్యమే. నిరుడు ఆయనకు షుగర్ నయమైంది. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా టీలో రెండు చెంచాల చక్కెర వేయించుకుని అందరి ముందూ తాగుతారు. క్రిస్మస్‌కు ముందు నస్పూర్‌లో జరిగే పెద్ద కూటంలో నా సాక్ష్యం కూడా పెట్టిస్తానన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మార్త కొట్టలేదు. ఒళ్ళో పాటల పుస్తకం ఉందట. పుస్తకం పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? కట్టుకున్న పెళ్ళాం కొట్టకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

ఇంటికి వచ్చేటప్పుడు నా కుడి పక్కన నడిచింది. మూడేళ్ళుగా కుడి పక్కనే నడుస్తుంది. అలవాటు.

25 అక్టోబరు

మొదటి షిఫ్టు. సమ్మెలో నెల దాటి మనిషి అడుగు పెట్టని చోట్లు. రూఫు ఎక్కడ వదులైందో, ఎక్కడ దిగిందో చూడాలి. చూడాల్సింది నేనే, సర్దారును కదా. మా మనుషులు ఆరుగురూ పనిలోకి వెళ్ళేముందు నేను వెళ్ళి కర్రతో రూఫును కొట్టి చూస్తాను. గట్టిగా పలికితే మంచిది. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయిందని అర్థం, అక్కడికి ఎవరినీ పోనివ్వకూడదు. బాగున్న చోట సుద్దముక్కతో తేదీ వేసి పొడి సంతకం పెడతాను. ఆ సంతకం చూశాకే మనిషి లోపలికి పోతాడు.

ఒక చేత్తో కొడుతూ రెండో చేతి వేళ్ళు రూఫుకు ఆనించాలి. వదులైతే వేళ్ళకు వణుకు తెలుస్తుంది. చెవి కంటే వేళ్ళే నయమని కొత్త సర్దార్లకు చెబుతుంటాను. ఈ మధ్యే చెబుతున్నాను. మా సొరంగాలు ఎత్తు. చాలాచోట్ల వేళ్ళు అందవు, పొడుగు కర్రే అందుతుంది.

అన్ని చోట్లా బాగుంది. రిపోర్టు రాశాను.

27 అక్టోబరు

బిక్షం మీద కోపం వచ్చింది. వాడు రూఫు కింద సపోర్టు కర్రలు నిలబెట్టే పని చేస్తాడు, కలిసి ఇరవై ఏళ్ళయింది, అయినా సరే. నేను సంతకం పెట్టి ఇటు తిరిగేసరికి వాడు వెనక నుంచి తన కర్రతో రూఫును కొడుతున్నాడు. అందరి ముందూ అడిగేశాను, సర్దారువు నువ్వా నేనా అని.

“ఏం లేదన్నా, చెయ్యి తిమ్మిరెక్కింది. గట్ల ఆడిస్తున్న,” అన్నాడు.

చెయ్యి తిమ్మిరెక్కితే గోకుకోవాలి, రూఫును కొడతారా? మా నాయన ఇదే బాయిలో బొగ్గు నింపి నింపి పోయాడు. సర్దార్లు ఆయన్ను అరే అని పిలిచేవాళ్ళు. నేను చదివి పరీక్ష రాసి ఈ కర్ర సంపాదించాను. ఎవడో వెనక నుంచి దిద్దడానికి కాదు.

30 అక్టోబరు, ఆదివారం

వాక్యం బ్రహ్మాండం. పాస్టరు గారు బైబిల్లోని ఒక రాజు సంగతి తీశారు. యుద్ధంలో దొరికిన గొర్రెల్ని ఏవీ ఉంచుకోవద్దని దేవుడు చెబితే, మంచివి ఏరి దాచుకున్నాడు. ప్రవక్త వచ్చి అడిగితే అన్నీ చెప్పినట్టే చేశానన్నాడు. మరి నాకు వినపడుతున్న ఈ గొర్రెల అరుపు ఏమిటని ప్రవక్త అడిగాడు. దేవుడికి బలి ఇవ్వడానికే ఉంచానన్నాడు రాజు. నీ బలి ఎవడికి కావాలి, చెప్పిన మాట వింటే చాలు కదా అన్నాడు ప్రవక్త. నమ్ముతున్నానని నోటితో ఎవడైనా అంటాడు, మాట విన్నవాడిదే నమ్మకం అని పాస్టరు గారు ముగించారు.

ఒక్క ముక్క పొల్లు పోకుండా విన్నాను. ముందు బెంచీలో కూర్చున్నాను, ఈ కథ ముందే తెలుసు కూడా. బాయిలో నా పైనుండే ఓవర్‌మన్ వినాల్సిన వాక్యం. ఆయన మందిరానికి రాడు.

3 నవంబరు

చెవి బాగుంది.

4 నవంబరు

చెవి బాగుంది. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాను. మూడు. మార్త నాలుగు అంటుంది. ఆమె ఎప్పుడూ ఒకటి ఎక్కువే చెబుతుంది.

9 నవంబరు

ఇవాళ రాయను.

10 నవంబరు

రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

నిన్న పొద్దున పద్నాలుగో లెవెల్ సొరంగం చివర రూఫు కొట్టాను. గట్టిగా ఉందనిపించింది. అనిపించింది. తేదీ వేసి సంతకం పెట్టాను. నా వెనక బిక్షం కొట్టాడు. నేను చూడనట్టు నటించాను. వాడు చెయ్యి అడ్డం పెట్టి అందర్నీ ఆపాడు.

“సదన్నా, ఆకలైతుంది. ముందుగాల తిందాం, పని ఏడికి పోతది,” అన్నాడు.

ఇంకా తొమ్మిదిన్నర కాలేదు. మేము పదకొండుకు గానీ టిఫిన్ విప్పం. తిట్టాను. వాడు వినకుండా వెనక్కి వచ్చి డబ్బా తెరిచాడు. ఆరుగురిలో పెద్దవాడు కదా, మిగతా ఐదుగురూ వాడి వెనకే వచ్చి కూర్చున్నారు. నేను నిలబడి తిడుతూనే ఉన్నాను. వాడు నాకో రొట్టె చేతిలో పెట్టాడు.

రొట్టె సగం తిన్నానో లేదో, రూఫు పడింది. నేను సంతకం పెట్టిన చోటే. ముందు మొహానికి గాలి కొట్టింది, తర్వాత దుమ్ము. ఆ చప్పుడు మాత్రం నాకు వినపడింది.

దుమ్ము తగ్గాక వెళ్ళి చూశాం. మంచం అంత బండలు. పక్క గోడ మీద నా సంతకం అలాగే ఉంది, తేదీతో సహా.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. రూఫు ఎప్పుడు ఎట్లుంటదో ఎవరికి ఎరుక అన్నారు. పై సార్లూ అదే అన్నారు. సదన్న ప్రార్థన బలం, ఆరుగురం బతికినం అన్నాడు ఒకడు. బిక్షం డబ్బా కడుక్కున్నాడు.

11 నవంబరు

కృపానందం గారు ఇంటికి వచ్చారు. విషయం ఊరంతా పాకింది. ఆనందంతో ఆయనకు మాట తడబడింది.

“చూశారా బ్రదర్ గారూ, చెవి ఇచ్చిన దేవుడు ఆరు ప్రాణాలు కూడా ఇచ్చాడు. నస్పూర్‌లో రెండూ కలిపి చెప్పాలి మీరు,” అన్నారు.

సరే అన్నాను. మార్త టీ తెచ్చింది. రెండు చెంచాలు వేసుకుని తాగారు.

ఆయన వెళ్ళాక మార్త గ్లాసులు తీస్తూ, “రొట్టె పెట్టినోని పేరు జెప్తవా నస్పూర్ల?” అంది. వినపడనట్టు ఊరుకున్నాను. అది ఒకటి బాగా వచ్చు నాకు.

15 నవంబరు

షిఫ్టు దిగాక బిక్షం సైకిల్ స్టాండు దగ్గర ఆపాడు. టీ తాగుదామన్నాడు. హోటల్లో అందరికీ దూరంగా, నా కుడి పక్కకు జరిగి కూర్చున్నాడు.

“సదన్నా, నీ చెవి సంగతి నాకు ఎండకాలం సందే ఎరుక.”

ఏ సంగతి అన్నాను.

“గీ సంగతే. ఆరు నెలల సంది నీ ఎనుక నేను కొట్టుకుంట వస్తున్న. డొల్ల ఉన్న కాడ ఏదో ఒకటి చెప్పి ఆపుతున్న. మొన్న ఆకలన్న. అంతకుముందు కడుపునొప్పి అన్న.”

గుర్తొచ్చింది. జూన్‌లో కడుపునొప్పి, సెప్టెంబరులో చెప్పు తెగడం. నేను వాడికి పని దొంగ అని పేరు పెట్టాను.

“ఎందుకు చెప్పలేదురా?”

“ఏమని చెప్పాలె? ముందుగాల నీ కర్ర పోతదని చెప్పలే. ఇగ దేవుడు బాగ జేసిండని మీ మందిరంల చెప్పినవట. నేను గాదంటే నీ దేవుణ్ణి గాదన్నట్టయితదని ఊకున్న. నీ దేవునితోని నాకేం పంచాయితీ?”

నేను టీ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాను.

“ఒకటో తారీకు సంది నన్ను రెండో షిఫ్టుకు ఏసిండ్రు. గందుకే చెప్తున్న. ఇగ నీ ఎనుక ఎవ్వలు లేరు.”

వాడికేం తెలుసు, డాక్టరా వాడు? పరీక్షలో పాసయ్యాను నేను.

16 నవంబరు

చెవి బాగుంది.

17 నవంబరు

పరీక్ష సంగతి రాస్తాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు.

ఆ గదిలో ఎదురుగా అద్దముంది. అద్దం అవతల పరీక్ష చేసే ఆయన మీట నొక్కుతుంటే భుజం కదలడం కనపడింది. భుజం కదిలినప్పుడల్లా వేలు ఎత్తాను. ఆయన తప్పేమీ లేదు, వెనక్కి తిరిగి కూర్చోమని ముందే చెప్పారు. మెడ నొప్పి అని నేనే తిరగలేదు. ఇది సాక్ష్యంలో చెప్పలేదు.

కుక్కర్ విజిల్ మాత్రం నిజంగానే వినపడింది. ఆ రోజు.

18 నవంబరు

క్వార్టర్ వెనక మావి రెండు నీళ్ళ డ్రమ్ములు. ఒకటి నిండుగా ఉంది, ఒకటి ఖాళీ. మార్తకు నా కర్ర ఇచ్చాను. నేను గోడ వైపు తిరిగి నిలబడతాను, నువ్వు ఏదో ఒకటి కొట్టు, నిండుదో ఖాళీదో చెబుతాను అన్నాను. ఎందుకని అడగలేదు. కొంగు నడుముకు చుట్టి, కొట్టింది.

పదిసార్లు కొట్టింది. ఐదు తప్పు చెప్పాను.

“ఇంకోపారి కొట్టాల్నా?” అంది.

వద్దన్నాను. బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయాను. ఒప్పుకుంటే కర్ర పోతుంది, ఏదో ఒక పని ఇచ్చి పైనే కూర్చోబెడతారు, జీతం తగ్గుతుంది, అది సరే. కానీ సంఘం ముందు దేవుడు బాగు చేశాడని చెప్పి ఇప్పుడు లేదంటే, నాకు నమ్మకం లేదనే కదా అర్థం? ఇదంతా మార్తతో అన్నాను. ఏడ్చాను కూడా. రాయడానికి సిగ్గేముంది.

మార్త కర్రను గోడకు ఆనించి నా కుడి పక్కన కూర్చుంది.

“బాగ జేసుడు ఆయన పని. అబద్ధం చెప్పకుండుడు నీ పని. ఆయన పని నువ్వు నెత్తినేసుకున్నవ్. మరి నీ పని ఎవలు జెయ్యాలె?”

నేను మొహం తుడుచుకున్నాను.

“చప్పట్లు కొట్టనందుకు నెల రోజుల సంది మొహం ముడుసుకుంటివి. ఎట్ల కొట్టాలె? దినాం బాయి నుంచి నువ్వొస్తవా, మంది మోసుకొస్తరా అని తలుపు కాడ కూసుంటున్న,” అంది.

ఆ రాజుకు తన గొర్రెల అరుపు వినపడి ఉంటుంది, అయినా బుకాయించాడు. నా గొర్రెల అరుపు నాకు వినపడలేదు, బిక్షానికి వినపడింది. తేడా అంతే.

20 నవంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారి ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. అద్దం సంగతి కూడా. ఆయన ముఖం పాలిపోయింది.

“తొందరపడకండి బ్రదర్ గారూ. ఇప్పుడు లేదంటే బలహీనులు తొట్రిల్లరా? నస్పూర్ కూటం కానివ్వండి. ఈలోగా ఇంకా గట్టిగా నమ్ముదాం.”

“పద్దెనిమిదో తారీకు కూటం. ఒకటో తారీకు నుంచి బిక్షం ఉండడు అయ్యగారూ. మధ్యలో రూఫు ఆగుతుందా?”

ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. కోపం రాలేదు నాకు. ఆయన ముఖంలో నా ముఖమే కనపడింది.

22 నవంబరు

రేపు చెబుతాను.

23 నవంబరు

చెప్పాను.

అండర్ మేనేజర్ పట్టాభిరామయ్య గారి గదిలోకి వెళ్ళి, టేబుల్ మీద కర్ర పెట్టాను. ఆయన కోస్తా మనిషి, కోపం ముక్కు మీదుంటుంది.

“ఏంటయ్యా ఇది? రాజీనామానా?”

“నా చెవులు పనిచేస్తలేవు సార్. రూఫు చప్పుడు నాకు తెలుస్తలేదు. మెడికల్ల కూడా మోసం జేసిన. మొన్న పడ్డ రూఫు నేను బాగుందని సంతకం పెట్టిందే.”

కళ్ళద్దాలు తీసి నన్ను చాలాసేపు చూశారు. తిట్టారు. ఆయన తిట్లలో నాకు సగమే వినపడ్డాయి, అదొక మేలు. ఛార్జిషీట్ ఇస్తానన్నారు. ఇవ్వండి సార్ అన్నాను. తర్వాత ఫోన్ తీసి, ఈ నెలలో నేను సంతకం పెట్టిన చోట్లన్నీ ఖాళీ చేయించి, ఇంకో సర్దారును దింపి మళ్ళీ కొట్టించమన్నారు.

నేను గది బయట మెట్ల మీద కూర్చున్నాను. చేతిలో కర్ర లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

24 నవంబరు

బిక్షం షిఫ్టు నుంచి నేరుగా ఇంటికే వచ్చాడు, ఒంటి మీద బొగ్గుతోనే. మార్త మంచినీళ్ళిస్తే కూడా తాగకుండా చెప్పాడు.

“పదకొండు జాగలు కొట్టినం. పది మంచిగనే ఉన్నయి. పన్నెండో లెవెల్ మూల ఒకటి డొల్ల. గా మూల నాకు సుత దొరకలే అన్నా. నేను సుత మంచిదే అనుకున్న.”

రేపు ఆరుగురూ పని చేయాల్సింది ఆ మూలనే. అడ్డంగా కర్రలు పెట్టి ఆ దారి ఆపేశారట.

అప్పుడు బిక్షం నీళ్ళు తాగాడు.

“నీ దేవుడు నీ చెవి బాగ జేసిండో లేదో నాకెరుకలేదు గని, నీ నోరైతే బాగ జేసిండు,” అన్నాడు. వాడి వెక్కిరింపు వాడిది.

27 నవంబరు, ఆదివారం

సాక్ష్యానికి లేచాను. పాస్టరు గారు మైకు ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించి, ఇచ్చారు.

నాలుగు మాటలే చెప్పాను. నా చెవి నయం కాలేదు. అయిందని చెప్పి మిమ్మల్ని మోసం చేశాను, ఆరుగురి ప్రాణాల మీదికి తెచ్చాను. నా పని నుంచి నేనే తప్పుకున్నాను. దేవుడు చెయ్యలేడని కాదు, చెయ్యనిదాన్ని చేశాడని చెప్పే హక్కు నాకు లేదు. కూర్చున్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక నుంచి ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు చూశాను. మార్త పాటల పుస్తకం పక్కన పెట్టేసింది. చప్పట్లేమీ కొట్టలేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. చాలనిపించింది.

సాయంత్రం పాస్టరు గారు ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చుని చాలాసేపు క్యాలెండర్ చూశారు. మార్త టీ కలపడానికి లేచింది.

“అమ్మా,” అన్నారు ఆయన. “నాకు చక్కెర వద్దు.”

మార్త తలుపు దగ్గర ఆగింది.

“రోజూ మాత్రలు మింగుతూనే ఉన్నాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు. వచ్చే ఆదివారం సంఘానికి చెబుతాను,” అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. “నస్పూర్‌లో మీ పేరు నేను తీయడం లేదు బ్రదర్ గారూ. ఇవాళ చెప్పిందే అక్కడా చెప్పండి.”

మార్త చక్కెర లేని టీ మూడు గ్లాసులు తెచ్చింది. చేదుగా ఉంది. ముగ్గురం తాగాం.

6 డిసెంబరు

ల్యాంప్ రూమ్‌లో వేశారు. బాయి దిగేవాళ్ళకు నెత్తి మీద పెట్టుకునే లైట్లు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. ఛార్జిషీట్ వచ్చింది, ఒక ఇంక్రిమెంట్ కోశారు. న్యాయమే. మొదటి రోజు కిటికీ అవతల నుంచి కుర్రవాళ్ళు కొందరు నవ్వారు. బిక్షం రెండో షిఫ్టుకు వస్తూ, “సర్దార్ సాబ్, జెర మంచి లైటియ్యి,” అని అందరికీ వినపడేలా అన్నాడు. ఇచ్చాను. నవ్వు ఆగిపోయింది.

లైటు ఒక్కటి వెనక్కి రాకపోతే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. షిఫ్టు అయ్యాక గూళ్ళన్నీ చూసుకుంటాను. ఇవాళ అన్నీ నిండాయి. అన్నిటికీ టిక్కు పెట్టి సంతకం చేశాను. ఈ సంతకం కళ్ళతో చూసి చేసింది.

14 డిసెంబరు

చెవి మిషన్ ఇచ్చారు. ఎడమ చెవికి. పెట్టుకోగానే ప్రపంచమంతా గరగరలాడింది. మా ఇంట్లో గడియారం ఉందని గుర్తే లేదు.

కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాను. నాలుగు.

18 డిసెంబరు, ఆదివారం

నస్పూర్ వెళ్ళొచ్చాం. చెప్పాను. ఎవరో ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకుని, వదలకుండా నిలబడ్డాడు. ఆయన సంగతేమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బస్సు దిగి చౌరస్తా నుంచి క్వార్టర్ దాకా నడిచాం. మార్త కాసేపు కుడి పక్కన నడిచింది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు ఆగి, నా వెనక నుంచి చుట్టి ఎడమ పక్కకు వచ్చింది.

ఇంటి దాకా తిడుతూనే ఉంది. స్వెటర్ మర్చిపోయానట, మైకులో మరీ మెల్లగా మాట్లాడానట, ముసలాయనకు కనీసం టీ అయినా తాగించలేదట. అన్నీ వినపడ్డాయి.